అరువు తెర

పర్లాకిమిడిలో కొమ్ముపని వీధి చివర
దువ్వెనల షెడ్డు అంటే ఎవరైనా చూపిస్తారు.
దువ్వెనలు చెయ్యడం మానేసి పంతొమ్మిదేళ్లు.
వాన పడితే మాత్రం గోడల్లోంచి ఇంకా
కాలిన కొమ్ము వాసన.
మా నాటకాలు అక్కడే, మా బియ్యం డబ్బా అక్కడే.
కరెంటు బిల్లు చిల్లరగా కడతాం,
లెక్కపెట్టలేక ఆఫీసు గుమస్తా
తెలుగులో మొదలెట్టి ఒడియాలో తిడతాడు.

తెర ఒక్కటే మాకు.
పాతపట్నం నుంచి గాడాగుడ్డ తెచ్చి
పదకొండు పట్టీలు నేనే జోడించాను.
ఇంటికో ఇరవై. ఇవ్వలేనివాళ్లు సూదుల్లో దారం ఎక్కించారు.
నిమాయి మహారాణాది కొమ్ముతో కొంగలు చెక్కిన చెయ్యి,
ఒక వైపు అడివి వేశాడు, ఇంకోవైపు రాజమహలు.
ఊళ్ళో కోట ఉంది, వాడెప్పుడూ లోపలికి పోలేదు,
అందుకని మహలుకి రైలుస్టేషను మెట్లు పెట్టాడు,
తొమ్మిది.
పోల్చుకున్నవాళ్లు నవ్వారు.

దాని ముందు రెండు ఆటలు ఆడామో లేదో
తవుడమ్మ వచ్చింది.
"ఉలవలు తడిసిపోతన్నాయి బాబూ,
తెర ఒకపాలి ఇయ్యండి."
ఇచ్చాం.
ఆ తర్వాత అడగడం మానేశారు.
షెడ్డుకి తాళం లేదు, మేకుకి ఒక పుస్తకం ఉంది.
తీసుకెళ్లే వాళ్లు తేదీ రాయాలి,
ఎందుకో రాయక్కర్లేదు.
అయినా రాస్తారు.
పెళ్లి వంటకి నీడ.
మా అయ్యకి. ఎండగా ఉంది.
ఏరొచ్చింది.
ఒడియాలో ఒకటి: బడికి కప్పు, వానలు ఆగేదాకా.
ఒకచోట వేలిముద్ర, అంతే.

మహేంద్రతనయ పొంగిన రాత్రి
ఆ గుడ్డ కింద నలభై ఒక్కమంది.
అడివి లోపలికి, మహలు పైకి.
"పైనుంచి దేవుడు మహలు సూసి
ఈళ్లకేటి లోటని ఎల్లిపోనాడేటో"
అన్నాడు సిమ్మాద్రి, పళ్లు కొట్టుకుంటుండగా.

తిరిగొచ్చినప్పుడల్లా మిషను మీద పరిచి చూస్తాను.
పసుపు. మసి. నిప్పురవ్వల చిల్లులు.
ఏ గుడ్డ దొరికితే ఆ గుడ్డ అతుకు.
మహలు కిటికీకి ఇప్పుడు స్కూలు యూనిఫారం నీలం,
అడివిలో ఒక చెట్టుకి గళ్ల లుంగీ.
నిమాయి మొదట్లో అలిగాడు,
కుంచె పట్టుకొచ్చి రాత్రిళ్లు దిద్దేవాడు.
ఒకరోజు దిద్దకుండా చాలాసేపు కూర్చుని
"కుట్టుకుంటే కుట్టుకో, ఉతక్కు" అని పోయాడు.

ఎన్నికల ముందు ఒకాయన వచ్చాడు.
కొత్త తెర ఇప్పిస్తాడట, పట్టుబట్టల్లాంటి తెర,
కింద ఆయన పేరు చిన్నగా.
ఎంత చిన్నగా అంటే చేత్తో చూపించాడు, మూరెడు.
టీ ఇచ్చి పంపించాం.
నిజం చెప్పాలంటే ఇద్దరు ముగ్గురం ఊగిసలాడాం,
నేనూ ఒకణ్ణి.
అతుకు మీద అతుకు పడితే సూది దిగదు,
ఈ వేళ్లకే తెలుసు.

సుమంతి గమాంగ్‌ని కొండమీది గూడెం నుంచి
తెరనే డోలీ కట్టి నలుగురు మోశారు.
తారురోడ్డు ఇంకా కనపడలేదు, కానుపైపోయింది.
పుస్తకంలో ఆ రోజుకి తేదీ మాత్రం ఉంది.
ఆరో మెట్టు మీది మరక పోలేదు.
నేనూ ఉతకలేదు.

మొన్న ఆట.
రాజు కిరీటం సద్దుకుని మెట్ల ముందుకొచ్చి
పద్యం ఎత్తుకోబోతుంటే
ముందు వరసలో ఏడేళ్ల పిల్ల లేచి నిలబడింది,
సగం సవర, సగం తెలుగు.
"కాసింత అటు జరుగు.
నా మెట్టు కనపడ్డంలేదు."

రాజు వెనక్కి తిరిగి చూశాడు,
అంచు ఎత్తిపట్టుకుని పక్కకి జరిగాడు.
హార్మోనియం సత్యం వేలు తియ్యలేదు,
పద్యం వచ్చేదాకా
అదే స్వరం.